ప్రణయమును నీటిగుహయును

ఈ ప్రసంగము ప్రారంభించుటకు ముందు ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. మాకు ఈత రాదు. చిన్ననాట నడుమునకు బెండ్లు కట్టుకొని కాలువలో దిగితిమి గాని, ఆనాడు బెండ్లు ఈదినవి, మేము ఈదలేదు. ఇక ప్రణయ విషయమున మాకు గలది నలువదియేండ్ల దాంపత్యానుభవము. అందు నిపుణులమో కామో చెప్పవలసినది మేము కాదు. వంటయింటిలోనుండి ఈ మాటలు వినుచున్న మా గృహిణి. రెండు విద్యలందును ఇంతటి పాండిత్యము గలవారము కనుకనే రెండింటిని పోల్చిచూచు సాహసమునకు పూనుకొనుచున్నాము.

నేల క్రింద సున్నపురాయి కరిగి ఏర్పడిన సొరంగములు కొన్నిచోట్ల నీటితో నిండియుండును. వీపున గాలి సిలిండర్లు కట్టుకొని, దీపములు పట్టుకొని, వాటిలోనికి దూరిపోవు మనుష్యులు కలరు. 2018లో థాయిలాండునందలి తామ్ లువాంగ్ గుహలో పండ్రెండుగురు బాలురును, వారి ఫుట్‌బాలు శిక్షకుడును వరదనీటికి చిక్కుపడినపుడు వారిని వెలికి తెచ్చినది ఈ విద్య తెలిసినవారే. ఆ ప్రయత్నములో సమాన్ కునాన్ అను మాజీ నావికాదళ సైనికుడు తన ప్రాణమునే అర్పించెను. కావున ఇది వట్టి వినోదము కాదు.

సముద్రములో మునిగినవానికి ఇబ్బంది కలిగినచో పైకి రావచ్చును. గుహలో పైన నున్నది రాతికప్పు. ఎంత దూరము పోయితిమో అంత దూరమును తిరిగి రావలెను. ఆ విద్యయందలి నియమములన్నియు ఈ ఒక్క ముక్కనుండి పుట్టినవి. ప్రణయమున దిగువానికి మాత్రము ఈ ముక్క ఎవ్వరును చెప్పరు. కవులందరు ప్రవేశద్వారమునే వర్ణించిరి. మన అర్జునుని సంగతియే చూడుడు. తీర్థయాత్రకని బయలుదేరి, వ్రతమున నుండి, గంగలో స్నానమాడుచుండగా ఉలూచి చేయిపట్టి నాగలోకమునకు లాగికొనిపోయెను. ఆ మహావీరుడు లోతెంతయని అడుగలేదు. గాలి యెంతసేపు వచ్చునని అడుగలేదు. అదృష్టవశమున ఆమె ఉత్తమురాలు కనుక, లాగికొనిపోయిన చేతితోనే తిరిగి గట్టునకు తెచ్చి దిగవిడిచెను. అందరికిని ఉలూచులు లభింపరు.

మాకు ఈ విషయమున ఆసక్తి కలుగుటకు కారణము మా మేనల్లుడు. అతడు అమెరికాలోని ఫ్లోరిడాలో ఉద్యోగము చేయుచు, తీరిక దినములలో ఈ విద్య నేర్చెను. 2019లో మేము దంపతులము అతనిని చూడబోయినపుడు శాంతా ఫే నదియొడ్డున జిన్నీ స్ప్రింగ్స్ అను చోటికి తీసికొనిపోయెను. నదిలోని నీరు తేనీటి రంగు; ప్రక్కనే గుహలనుండి ఉబుకు ఊటనీరు అద్దమువలె స్వచ్ఛము. అచటి గుహద్వారములకు వారు పెట్టుకొన్న పేర్లు దయ్యపు కన్ను, దయ్యపు చెవి. అంత స్పష్టముగ పేరు పెట్టినను జనులు దిగుచునే యున్నారు.

ఆ ప్రాంతపు గుహల ముఖములకడ నీటిలోపల ఒక పలక యుండునట. కొడవలి పట్టిన మృత్యుదేవత బొమ్మ వేసి, ఇక ముందునకు పోవలదనియు, ప్రాణమును ఇచ్చి కొనదగినది ఈ గుహలో ఏమియు లేదనియు, ఇటువంటి గుహలలో మరణించినవారిలో ఈత నేర్పు గురువులు కూడ కలరనియు అందు వ్రాసియుండును. మా మేనల్లుడు ఛాయాచిత్రము చూపెను. మేము దానిని చూచి, కల్యాణమండపముల గుమ్మములకు కూడ ఇట్టి పలక యొకటి యుండిన బాగుండునని అంటిమి. మా గృహిణి, "ఉంటే మాత్రం? కళ్లజోడు పెట్టుకోకుండా మీరు చదవగలిగేవారా?" అని ఊరకుండెను.

ఈ గుహలలో రెండు జాతులు కలవు. కొన్నింట ప్రవాహము లోపలినుండి వెలుపలికి వచ్చును. పోవునపుడు ఎదురీదవలెను, వచ్చునపుడు నీరే నెట్టును. మరి కొన్నింట ప్రవాహము వెలుపలినుండి లోనికి పోవును. వీనిని సైఫనులందురు. ఇవి కడు ప్రమాదకరములు. పోవునపుడు కాలు కదపనక్కరలేదు. హాయిగా, ఉల్లాసముగా, తన ఈత గొప్పదనమునకు తానే మురియుచు పోవచ్చును. వెనుకకు తిరిగినపుడు తెలియును. ప్రథమ ప్రణయము ఏ జాతికి చెందినదో వేరుగ చెప్పనక్కరలేదు. పెద్దలు కుదిర్చిన పెండ్లి మొదటి జాతియా అని ఒక మిత్రుడు మమ్ము ప్రశ్నించెను. మేము సమాధానము చెప్పలేదు; అతని మామగారు ప్రక్కనే కూర్చుండిరి.

షెక్ ఎక్స్‌లీ అను అమెరికా దేశస్థుడు గుహలలో జరిగిన మరణములను పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. వెలుపలి వరకు తెగని దారము లేకపోవుట, గాలిలో మూడింట రెండు వంతులు తిరుగుదారికి మిగుల్చుకొనకపోవుట, మితిమీరిన లోతునకు పోవుట ముఖ్యకారణములని అందు తేల్చెను. ఇందరికి దారి చూపిన ఆయనయే 1994లో మెక్సికోలోని జకతోన్ అను అగాధమైన నీటిబిలములో దిగి సజీవుడై తిరిగి రాలేదు. నియమము తెలిసియుండుట వేరు, గుహ వేరు.

దారము సంగతి గ్రీకులకు ఏనాడో తెలియును. థీసియస్ అను వీరుడు చిక్కుదారుల మందిరములోని రాక్షసుని చంపబోవునపుడు అరియాడ్నే అను రాకుమారి అతనికి దారపుండ యిచ్చెను. గుమ్మమునకు ఒక కొస కట్టి, దారము వదలుచు పోయి, దారము పట్టుకొనియే వెలుపలికి వచ్చెను. పిదప ఆమెను వెంట తీసికొనిపోయి, నాక్సస్ అను ద్వీపమున నిద్రించుచుండగా విడిచి పోయెనట. గుహనుండి వచ్చుటకు పనికివచ్చిన దారము ఓడయెక్కగనే తెగినది. నేటి ఈతగాండ్రు సన్నని నైలాను దారముమీద ప్లాస్టిక్ బాణపుగుర్తులు తగిలింతురు. దీపములన్నియు ఆరినను చేతితో తడిమి ద్వారము ఏ వైపుననో తెలిసికొందురు. మన యిండ్లలో ఒకప్పుడు అమ్మమ్మలు ఈ పని చేసెడివారు. అలిగి వచ్చిన మనుమరాలు చీకటిలో ఎటునుండి తడిమినను ఆ బాణము ఒకే దిక్కు చూపెడిది.

ఇక గాలి లెక్క. మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది ఇదియే. సిలిండర్లలోని గాలిని మూడు పాళ్ళు చేయుదురు. ఒక పాలు పోవుటకు, ఒక పాలు వచ్చుటకు. మూడవది మన ఆపదకు కాబోలునని మేమంటిమి. మా మేనల్లుడు నవ్వి, "కాదు మామయ్యా, అది పక్కవాడిది" అనెను. గుహ కొట్టకొనయందు తోడివాని గాలి యంతయు ఒక్కసారిగా పోయినదనుకొనుడు. అప్పటికి మనయొద్ద రెండు పాళ్ళున్నవి. ఒక పాలు మనము వచ్చుటకు, ఒక పాలు అతడు వచ్చుటకు. లెక్క సరిపోయినది. దారిలో ఎంత అందమైన వింత కనబడినను ఆ పాలును ముట్టరాదు. అది మన వీపుమీదనే యున్నను మన సొత్తు కాదు.

ఈ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము ఉద్యోగము చేయు దినములలో ఓర్పు అను గాలిని పై అధికారికి కొంత, బస్సు కండక్టరునకు కొంత, వీధి చివర నిలువబెట్టి రాజకీయములు చెప్పు పెద్దమనిషికి కొంత పంచిపెట్టి, ముల్లు సున్నమీద నిలిచిన పిదప ఇల్లు చేరెడివారము. మా మామగారు ఆసుపత్రిలో నున్న వారము ఒక సాయంకాలము మా గృహిణి వచ్చి కూర్చుండి, ఆనాడు వైద్యులు చెప్పినది చెప్పబోయెను. మేము వార్తాపత్రిక దించలేదు. ఆమె రెండు మాటలు చెప్పి మానివేసెను. ఎంతకాలము మానివేసెనో చెప్పుటకు ఈ ప్రసంగమునకు కేటాయించిన సమయము చాలదు. మూడవ పాలు ఎవరిదో ముప్పదియేండ్ల తరువాత ఒక ఊటనీటి గట్టున, అమెరికాలో, మేనల్లుని నోట వినవలసివచ్చెను.

ఆ గాలిని ఇచ్చు విధము మరింత చిత్రము. గుహలలో ఈదువారు చాలమంది తాము పీల్చు గొట్టమును ఏడడుగుల పొడవున అమర్చుకొందురు. ఇరుకుదారిలో ఇద్దరును ప్రక్కప్రక్కన పోలేరు కనుక, ఒకరి వెనుక నొకరు వచ్చుటకు ఆ పొడవు కావలెను. తోడివానికి గాలి పోయినపుడు తన నోటిలో నున్న పరికరమునే తీసి అతనికి అందింతురు. అది సరిగా పని చేయుచున్నదని తెలిసినది గదా! తాము మెడలో రబ్బరు త్రాటికి వ్రేలాడుచున్న రెండవదానిని నోట పెట్టుకొందురు. ఏడడుగులు, మెడలో త్రాడు, నోటిదగ్గరిది తీసి పెట్టుట! అగ్నిహోత్రమొక్కటియే తక్కువ. అదియు నీటిలో వెలుగదు కనుకనే విడిచిపెట్టియుందురు.

ఒండ్రు సంగతి చెప్పక తీరదు. గుహల అడుగున పిండివలె మెత్తని ఒండ్రు పేరియుండును. కాళ్ళకు తొడిగిన రెక్కను ఒక్కమారు తప్పుగ కదిపినచో లేచి, ముఖము ముందు పెట్టుకొన్న చేయియైనను కనబడనీయదు. దీపకాంతి పెంచిన ప్రయోజనము లేదు. మంచులో మోటారుబండి దీపమువలె ఆ వెలుగు మన కన్నులనే తిరిగి కొట్టును. ఒక్కొక్కచోట అది మరల పేరుటకు గంటలు, దినములు కూడ పట్టును. మా యింట ఒక పండుగనాడు పులిహోర వడ్డించుచుండగా, ఇంత మంచి పులిహోర మా అక్కగారి యింట తినియుంటిమని మేమంటిమి. అంతే. ఒండ్రు లేచినది. మేము మా మాటకు అర్థము అది కాదని వివరించితిమి. అనగా దీపకాంతి పెంచితిమి. మరింత వివరించితిమి. సాయంకాలమునకు 1987 నాటి ఒండ్రు కూడ లేచినది.

ఈతగాండ్రు ఇట్టి సమయమున చేయునది వేరు. ఒక చేయి దారముమీద, ఒక చేయి తోడివాని మీద. మాటలు లేవు. చేతిని ముందునకు నొక్కిన పొమ్మని, పిండిన ఆగుమని. ఆ విధముగ మెల్లగ వెలుపలికి వత్తురు. ఎవరు కాలు ఆడించినారను విచారణ గట్టెక్కిన తరువాత. గట్టెక్కిన తరువాత ఆ విచారణ చేయబుద్ధి కాదట.

మేము జిన్నీ స్ప్రింగ్స్ మెట్లమీద కూర్చుండియుండగా నడివయస్సు దంపతులిద్దరు నీటిలో దిగిరి. ఇద్దరి వీపులమీదను మణుగుల బరువు. రొమ్ములోతు నీటిలో నిలిచి ఒకరి పరికరములను ఒకరు పరీక్షించుకొనిరి. చాలసేపు పట్టినది. అంతలో ఆమె బొటనవ్రేలు పైకెత్తి చూపెను. మేము అంతయు బాగున్నదని అర్థము కాబోలు ననుకొంటిమి. ఈ విద్యలో ఆ సైగకు అర్థము అది కాదు. చాలించి పైకి పోదమని అర్థము. ఎవరైనను, ఎప్పుడైనను, ఏ కారణమునకైనను, కారణము చెప్పకుండనైనను ఆ వ్రేలు ఎత్తవచ్చును. ఎదుటివాడు ప్రశ్నింపరాదు. ఆయన తానును వ్రేలెత్తెను. ఇద్దరును వచ్చి, బరువులు దింపి, చెట్టుక్రింద కూర్చుండి సాండ్విచ్చులు తినసాగిరి. అంత సన్నాహమును వ్యర్థమైనది గదా యని మేము జాలిపడుచుండగా మా గృహిణి, "చూశారా? ఆయన ఎందుకని అడగనైనా లేదు" అనెను. ఆ మాట మమ్ము గూర్చి అన్నదో, ఆయనను గూర్చి అన్నదో మేము అడుగలేదు.

ఇంటికి వచ్చిన పిదప ఆ నియమమును మా సంసారమున ప్రవేశపెట్టవలెనని నిశ్చయించితిమి. అవకాశము త్వరలోనే వచ్చినది. బంధువుల పెండ్లికని చీరల దుకాణమునకు పోయితిమి. రెండు గంటలు గడచినవి. గుట్టలుగా పడిన చీరల నడుమ కుర్చీలో కూలబడియున్న మాకు గాలి మూడవ పాలునకు వచ్చినది. దూరమునుండి ఆమె మావైపు చూడగనే గంభీరముగ బొటనవ్రేలు పైకెత్తితిమి. ఆమె చిరునవ్వు నవ్వి దుకాణపు కుర్రవానితో, "ఆయనకి కూడా నచ్చాయట బాబూ, ఈ రెండూ కట్టెయ్యి" అనెను.

ఆటోలో కూర్చుండిన తరువాత, ఆ సైగకు అర్థము నీకు తెలియదా యని అడిగితిమి.

"అది నీళ్లలో కదండీ" అనెను. "ఇది నేల."