వేచియుండు ధనము

మన ఇండ్లలో కూడబెట్టిన సొమ్మును బ్యాంకులో వేయు వారందరకు ఉండు నమ్మకము ఒక్కటే. పిల్ల పెండ్లికో, వైద్యమునకో కోరిననాడు ఆ సొమ్ము తిరిగి చేతికి రావలెను. బ్యాంకు కూడ ఈ మాటను మరువదు. అందుచేతనే అది వర్తకునకు సరకు కొనుటకై మూడు నెలలకో ఆరు నెలలకో అప్పిచ్చును. సరకు అమ్ముడు పోగానే అప్పు తీరును. వాణిజ్య బ్యాంకునకు సహజమైన పని ఇది.

సిమెంటు కర్మాగారము కట్టదలచిన వాని సంగతి వేరు. భూమి కొనవలెను, యంత్రములు తెప్పించవలెను, విద్యుత్తు రావలెను. పునాది వేసిన నాటినుండి మొదటి బస్తా వెలువడుటకే మూడు నాలుగేండ్లు పట్టవచ్చును. లాభము కనబడుట ఆ తరువాతి మాట. కొబ్బరిమొక్క నాటిన వానియొద్దకు ఆరు నెలలకే వచ్చి కాయలేవని అడిగిన ప్రయోజనమేమున్నది? పది పన్నెండేండ్లు వేచియుండగల ఋణదాత వానికి కావలెను. వాటాల విపణియు, బీమా సంస్థలును బాగుగ ఎదిగిన దేశములలో ఈ పని కొంతవరకు వానివలననే జరుగును. అవి ఎదుగని దేశములలో ఆ లోటు తీర్చుటకు ఏర్పడినవే అభివృద్ధి బ్యాంకులు.

ఈ ఊహ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1929లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండు పేర ఒక నిధిని నెలకొల్పెను. వరంగల్లులోని ఆజంజాహీ మిల్లు, బోధనులోని చక్కెర కర్మాగారము వంటివానికి మూలధనము సమకూర్చుటలో ఆ నిధికి భాగమున్నది. పేరు వేరైనను పని అదియే.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1948 జూలైలో ఇండస్ట్రియల్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడెను. చిన్న, మధ్యతరగతి పరిశ్రమల కొరకు రాష్ట్రములలో ఇట్టి సంస్థలను నెలకొల్పుటకు 1951లో చట్టము చేసిరి. దానిని అనుసరించియే 1956లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్ వచ్చెను. 1955లో ఐసీఐసీఐ పుట్టెను. దానికి భారత ప్రభుత్వము 7.5 కోట్ల రూపాయలను వడ్డీ లేకుండ ఇచ్చెను. ప్రపంచ బ్యాంకు 1 కోటి డాలర్ల ఋణమును మంజూరు చేసెను. యంత్రములు విదేశములనుండి రావలసిన ఆ దినములలో, డాలరు దొరకనిచో రూపాయ లెన్ని యున్నను కర్మాగారము లేవదు. 1964లో రిజర్వు బ్యాంకునకు అనుబంధముగ ఐడీబీఐ ఏర్పడెను.

ఈ సంస్థలు పని చేయు తీరు వడ్డీ వ్యాపారి తీరువంటిది కాదు. తాకట్టు పెట్టుటకేమున్నది అను ప్రశ్నతోనే అవి ఆగవు. ముడిసరకు ఎంత దూరమునుండి వచ్చును, నీరు చాలునా, తయారైన వస్తువును కొనువారెవరు అని ఇంజనీరు, లెక్కల నిపుణుడు కూడి విచారింతురు. తొలి యేండ్లలో అసలు అడుగక, ఉత్పత్తి సాగిన పిదపనే వాయిదాలు మొదలుపెట్టుదురు. క్రొత్త కంపెనీ వాటాలను ప్రజలు కొనకపోయినచో మిగిలిన వానిని తామే కొందుమని హామీ యిత్తురు. మా దృష్టిలో అప్పుకంటె ఈ హామీయే గొప్పది. అనుమానించు పదిమందికి ధైర్యము కలిగించునది అదియే గదా.

అంత ఓపికగల ధనము ఎచ్చటనుండి వచ్చెను? అసలు కీలకమిచ్చట నున్నది. రిజర్వు బ్యాంకు తన లాభములలో కొంత ప్రత్యేక నిధిలో వేసి, తక్కువ వడ్డీకి ఐడీబీఐకి ఇచ్చుచుండెను. అభివృద్ధి సంస్థల బాండ్లకు ప్రభుత్వము హామీ యిచ్చుచుండెను. వాణిజ్య బ్యాంకులు చట్టరీత్యా ఉంచుకొనవలసిన పత్రములలో అవియు చేరుచుండెను. అనగా మన పాసుపుస్తకములోని సొమ్ములో కొంత ఆ దారినే కర్మాగారములకు చేరినది.

ఇందు దోషములు లేకపోలేదు. 1969లో దత్ కమిటీ, ఈ సహాయములో పెద్ద పారిశ్రామిక కుటుంబములకే అధికభాగము దక్కినదని తేల్చెను. వేచియుండగలవాడు వేచియుండరాని చోట కూడ వేచియుండును. బాగుపడు ఆశలేని మిల్లులకు మరల మరల గడువిచ్చుట అలవాటైపోయినది. ఖాయిలా పరిశ్రమల విచారణకే 1987లో ఒక బోర్డు పని ప్రారంభింపవలసి వచ్చెను.

1990 దశకపు తొలి యేండ్లలో రిజర్వు బ్యాంకు చౌకధనము నిలిచిపోయెను. బాండ్లకున్న ప్రత్యేక హోదాయు పోయెను. దోషమును సవరించుట మాని, మూలమునే ఎండగట్టిరని మా అభిప్రాయము. 2002లో ఐసీఐసీఐ తన బ్యాంకులోనే విలీనమయ్యెను. 2004లో ఐడీబీఐయు వాణిజ్య బ్యాంకు రూపము దాల్చెను. ఇక విద్యుత్కేంద్రములకు, రహదారులకు దీర్ఘకాలిక ఋణములిచ్చు భారము, కోరిననాడు తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్లతో నడచు బ్యాంకులపై పడెను. 2018 మార్చి నాటికి మన బ్యాంకుల ఋణములలో 100 రూపాయలకు 11 రూపాయలకు పైగా మొండిబాకీలైనవి. బొగ్గు దొరకకపోవుట, భూసేకరణ జాప్యము, పరీక్ష లేక ఇచ్చిన అప్పులు కూడ దీనికి కారణములే. నేరమంతయు ఒక్కదానిపై మోపరాదు.

జర్మనీ వేరు త్రోవ త్రొక్కినది. 1948లో పునర్నిర్మాణమునకై ఏర్పడిన కేఎఫ్‌డబ్ల్యూ అను సంస్థకు మార్షల్ ప్రణాళికవలన చేకూరిన నిధులు వచ్చెను. పునర్నిర్మాణము ముగిసినదని ఆ ధనమును పంచివేయలేదు. వసూలైన బాకీలనే మరల అప్పులుగ త్రిప్పిరి. చిన్న పరిశ్రమలకు అది సాధారణముగ నేరుగ అప్పీయదు. ఆ యజమాని ఖాతాయున్న బ్యాంకు ద్వారానే ఇచ్చును. ఊరి బ్యాంకు వానిని ఎరుగును, దీర్ఘధనము పైనుండి వచ్చును. ఈ పొత్తు మాకు మిక్కిలి నచ్చినది.

మన దేశములో 2021లో చట్టము చేసి, నాబ్‌ఫిడ్ అను క్రొత్త అభివృద్ధి బ్యాంకును స్థాపించిరి. ప్రభుత్వము దానికి 20,000 కోట్ల రూపాయల మూలధన మిచ్చెను. తక్కిన ధనములో పెద్దభాగమును విపణినుండి తెచ్చుకొనవలెను. 2023లో అది మొదటిసారి పదేండ్ల గడువుతో 10,000 కోట్ల రూపాయల బాండ్లను విక్రయించెను. ఇట్టి బాండ్లు ముఖ్యముగ బీమా సంస్థలకు, భవిష్యనిధులకు తగినవి. బీమా ప్రీమియము గాని, ఉద్యోగి జీతమునుండి కోసిన భవిష్యనిధి చందా గాని, పది ఇరువదేండ్లు ఆగుటకు సిద్ధపడియే కట్టిన సొమ్ము. పెండ్లికని బ్యాంకులో వేసిన సొమ్ము అట్టిది కాదు.