రాజుగారి నల్లరంగు

2024 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పాతకార్ల పోటీలో, 1934 నాటి బుగాటీ టైప్ 59 స్పోర్ట్స్ అన్నిటికన్నా పెద్ద బహుమతి గెలిచింది. దాని నల్లరంగు వెలిసింది, పగుళ్లు తేలాయి. మెరుగులు దిద్దకుండా ఉన్నదున్నట్టు కాపాడిన కారుకు అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ నల్లరంగు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ కారు కొన్నాక వేయించుకున్నది, మీద పసుపు చార. అది చెరిపేస్తే రాజుగారి జాడే పోయేది!

పాతరంగుకు విలువెందుకు? అది సాక్ష్యం గనుక. కొత్త పూత కింద తుప్పు దాగవచ్చు, గుద్దుకున్న సొట్టను పూడ్చిన లప్పం దాగవచ్చు. అందుకే తెలిసిన కొనుగోలుదారు మందం కొలిచే చిన్న పరికరాన్ని తలుపు మీద ఆనిస్తాడు. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒకటి రెండు కాగితాలంత మందం. ఒకేచోట అంకె వెయ్యి దాటిందా, లోపల లప్పం ఉందన్నమాటే. తర్వాత అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు అంచులు చూస్తాడు. అక్కడ రంగు తుంపరలు కనిపిస్తే మళ్లీ రంగు వేసినట్టే, బేరం మారిపోతుంది.

రేకును తుప్పు తినేస్తుంటే మాత్రం పాతరంగని పట్టుకు వేళ్లాడకూడదు, ముందు రేకును కాపాడాలి. తక్కిన కార్లకు మెత్తని గుడ్డ, ఓపిక చాలు. పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ పలుచని పొర ఇంకాస్త అరుగుతుంది.