నెలలు నిండని బిడ్డ: తల ఆకారం, మెడ బలం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాదు, సివిల్ ఇంజినీర్ని. అయినా పసిబిడ్డల గురించి చెబుతానని అడిగి మరీ ఈ పది నిమిషాలు తీసుకున్నాను. మా చెల్లెలి మనవడు 30 వారాలకే పుట్టాడు. ఇంటికి తెచ్చాక చూడవచ్చిన వారందరిదీ ఒకటే మాట: "తల ఇలా పొడుగ్గా ఉందేటి?" ఆ మాటకి పిల్లాడి తల్లి కుమిలిపోయేది. డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

శ్లాబు గట్టిపడకముందే సెంట్రింగు తీస్తే ఏమవుతుందో మన మేస్త్రీలకు తెలుసు. తల్లి కడుపులో ఉమ్మనీరు బిడ్డ తలను అన్ని వైపులా మోస్తుంది. 32 వారాలలోపే పుట్టిన బిడ్డకు పుర్రె ఎముకలు పలుచగా, మెత్తగా ఉంటాయి. గొట్టాల మధ్య వారాల తరబడి తల పక్కకు తిప్పి పడుకోవడంతో రెండు పక్కలా నొక్కుకుపోయి తల పొడుగవుతుంది. ఇందులో తల్లి తప్పు లేదు. ఎదిగేకొద్దీ చాలామందిలో ఇది సర్దుకుంటుంది.

మరి కదలికలతో సంబంధం ఏమిటి? ఈ పిల్లలకు మెడ బలం తక్కువ. ఒకే వైపు తల తిప్పి పడుకుంటే ఆ పక్క చదునవుతుంది. చదునైన వైపుకే తల మళ్ళీ దొర్లుతుంది. మెడ రెండు వైపులా తిరగకపోతే బోర్లాపడటం కూడా ఆలస్యం కావచ్చు. ఇలాంటి ఒత్తిడి వల్ల మారిన ఆకారం మెదడును పాడుచేయదు. కాకపోతే బిడ్డ కదలికలను శ్రద్ధగా గమనించమని అది మనకిచ్చే హెచ్చరిక.

గమనించేటప్పుడు లెక్క సరిగా ఉండాలి. 30 వారాలకు పుట్టిన బిడ్డ 10 వారాలు ముందొచ్చినట్టు. పుట్టి ఆరు నెలలైతే, సరిచేసిన వయసు సుమారు మూడున్నర నెలలే. రెండేళ్ళ వరకు ఇలాగే లెక్కించాలి. అడుగులేస్తే అరిసెలు పంచే ఆచారం మనది. ఆ అరిసెలకు కూడా ఇదే లెక్క. ఈ లెక్కన నాలుగు నెలలు దాటినా మెడ నిలపకపోయినా, తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోయినా, 18 నెలలు దాటినా నడవకపోయినా, కాళ్ళు బిగుసుకున్నా, ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతున్నా డాక్టరుకు చూపించాలి. తల చుట్టుకొలత టేపుతో కొలిపించుకోవాలి. అది మరీ వేగంగా పెరిగినా, పెరగకపోయినా వెంటనే చూపించాలి.

నీళ్ళు పోసేటప్పుడు తల గుండ్రంగా రావాలని ఒత్తకండి. నిద్రకు వెల్లకిలా, దిండు లేకుండా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు దగ్గరే కూర్చుని కాసేపు బోర్లా ఉంచండి. తల్లి గుండెల మీదైనా సరే. పిలుపు ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి వినిపించండి.

శ్రీకాకుళం సర్వజన ఆస్పత్రిలోనూ, విజయనగరం ఘోషాస్పత్రిలోనూ నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలున్నాయి. పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టుకోవడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంటుంది. చికిత్సకు డబ్బు తీసుకోకపోయినా, ఆస్పత్రికి వెళ్ళిరావడమే కష్టం. మన ఊళ్ళలో భర్త చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కూలి పనిలో ఉంటాడు. మందస నుంచి, మెంటాడ నుంచి పసిబిడ్డతో ఒంటరిగా బస్సెక్కాలంటే ఆ తల్లికి ఒక రోజు కూలి పోతుంది. బిడ్డ బాగానే పాలు తాగుతుంటే రెండోసారి వెళ్ళదు. చూపించాల్సిన నెలలు అలా గడిచిపోతాయి.

అందుకే నా మనవి. ఈ ఉత్సవంలో శాలువాలకు, పూలదండలకు పెట్టే ఖర్చు తగ్గించుకుందాం. నెలలు నిండకుండా పుట్టిన ఒక్కొక్క బిడ్డకు రెండేళ్ళు నిండేదాకా ఆస్పత్రి రాకపోకల ఖర్చు, ఆ రోజు కూలి ఒక్కొక్క బ్యాచ్ భరించాలి. మా బ్యాచ్ తరఫున మొదటి బిడ్డ బాధ్యత నేను తీసుకుంటున్నాను. రెండో పేరు ఈ సభ ముగిసేలోగా కార్యదర్శి గారి పుస్తకంలో పడాలని కోరుకుంటున్నాను.