చేనిగట్టు మాట ఢిల్లీకి చేరే దారి



వేరుశెనగ ఊడలు దిగి కాయ గట్టిపడే వేళకు, మొక్కజొన్న పాలుపోసుకునే వేళకు అడవిపందులు మందలుగా వచ్చి చేలో పడతాయి. మూడు నాలుగు నెలల కష్టం ఒక్క రాత్రిలో నేలపాలవుతుంది. అనుమతి లేకుండా వాటిని చంపితే నేరం. చూస్తూ ఊరుకుంటే పంట దక్కదు. “ఈ చట్టాలు చేసేవారికి మా చేను సంగతి తెలుసునా?” అని రైతు అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. ఇటువంటి ప్రశ్నలను విని, విచారించటానికి పార్లమెంటులో ఒక సంఘం ఉన్నది. ఏడాది పొడుగునా అది చేసే పనేమిటో, దానివల్ల మనకు ఒరిగేదేమిటో, ఒరగనిదేమిటో ఈవేళ ముచ్చటించుకుందాం.

ఆ సంఘం పేరు కొంచెం పొడుగు. శాస్త్ర సాంకేతికం, పర్యావరణం, అడవులు, వాతావరణ మార్పుల పార్లమెంటరీ స్థాయీ సంఘం. పార్లమెంటులో ఏడువందల పైచిలుకు సభ్యులున్నారు. అంతమందీ కూర్చుని ప్రతి శాఖ లెక్కనూ పద్దుపద్దుగా చూడటం అయ్యే పని కాదు. ఊళ్ళో చెరువుకు గండి పడుతుందేమోనని భయం వేస్తే నలుగురు పెద్దమనుషులు పోయి, కట్ట చూసి, తూము చూసి, అలుగు చూసి వచ్చి ఊరికి చెబుతారు గదా! ఈ సంఘం పనీ అలాంటిదే.

1989లో మొదట మూడు సంఘాలను ఏర్పరిచారు. ఒకటి వ్యవసాయానికి, ఒకటి పర్యావరణానికీ అడవులకూ, మూడోది శాస్త్ర సాంకేతికానికి. అంటే తొలి మూడింటిలో రెండు మన పొలానికి దగ్గరి చుట్టాలే అన్నమాట. 1993లో ఈ పద్ధతిని అన్ని మంత్రిత్వశాఖలకూ విస్తరించి 17 సంఘాలు చేశారు. 2004లో అవి 24 అయినాయి. ఒక్కొక్క సంఘంలో 31 మంది సభ్యులు. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు ఇందులో చోటు లేదు. పాలకపక్షం వారూ, ప్రతిపక్షం వారూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. సమావేశాలు తలుపులు మూసి జరుపుతారు. నివేదికను మాత్రం ఉభయసభల ముందూ పెడతారు. ఆ తరవాత దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు.

మనకు ఉగాదితో ఏడు మొదలవుతుంది. 2024లో ఈ సంఘానికి వినాయకచవితికీ దసరాకూ నడుమ, సెప్టెంబరు నెలాఖరులో మొదలయింది. సంఘం కూర్చోగానే ఆ ఏడు ఏయే విషయాలు పరిశీలించాలో ఎంచుకుంటుంది. శాఖల కార్యదర్శులను పిలిచి అడుగుతుంది. శాస్త్రజ్ఞుల మాట వింటుంది. అవసరమైతే ఆయా చోట్లకు పోయి కళ్ళారా చూసి వస్తుంది.

ఇక బడ్జెట్టు వచ్చిన తరవాత సభలు కొన్నాళ్ళు వాయిదా పడతాయి. అది సభ్యులకు సెలవనుకునేరు! ఆ రోజుల్లోనే సంఘాలు పద్దులు ముందేసుకుని కూర్చుంటాయి. పర్యావరణ మంత్రిత్వశాఖకు 2023-24 బడ్జెట్టులో చూపిన మొత్తం సుమారు 3,079 కోట్ల రూపాయలు. అంత సొమ్ము ఎక్కడికి పోతున్నది? నిరుడు ఇచ్చినది ఖర్చయిందా? కాకపోతే ఎందుకు కాలేదు? ఇవీ అక్కడ అడిగే ప్రశ్నలు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2024-25లో కాలుష్య నియంత్రణ పథకానికి 858 కోట్ల రూపాయలు కేటాయించారు. 2025 జనవరి మూడోవారం నాటికి ఖర్చయినది 7 కోట్ల 22 లక్షలు. నూటికి ఒక్క రూపాయి కూడా కాదు! ఎందుకయ్యా అంటే, పథకాన్ని 2025-26 దాకా కొనసాగించటానికి అనుమతి ఇంకా రాలేదని శాఖ జవాబు. విత్తనాలకు అప్పు మంజూరయింది గాని, కోతలనాటికి కూడా కాగితం మీద సంతకం పడలేదు అన్నట్లున్నది వ్యవహారం. 2025 మార్చిలో ఇచ్చిన నివేదికలో సంఘం దీన్ని గట్టిగా నిలదీసింది. కాలుష్యం పట్నంవాళ్ళ బాధ అనుకోకండి. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసిన వాగు కింద వరి వేసిన రైతును అడిగితే ఆ సంగతి తెలుస్తుంది.

నివేదిక ఇవ్వటంతో పని అయిపోదు. మూడు నెలలలోగా శాఖ తిరిగి జవాబు రాసి ఇవ్వాలి. ఏ సూచన ఒప్పుకున్నారు, ఏది ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదు అన్నది అందులో చెప్పాలి. ఆ జవాబును సంఘం మళ్ళీ పరిశీలించి, తీసుకున్న చర్యల మీద మరో నివేదిక పెడుతుంది. నాటి వదిలెయ్యకుండా కలుపు తీయటానికి మళ్ళీ చేలోకి దిగటం లాంటిది ఇది.

అయితే ఏ మాట కామాటే చెప్పుకోవాలి. సంఘం చెప్పినదాన్ని ప్రభుత్వం చేసి తీరాలన్న నిబంధన లేదు. అది సిఫారసు మాత్రమే. ఇందాకటి అడవిపందుల సంగతే తీసుకోండి.

వన్యప్రాణి రక్షణ చట్టం 1972 నాటిది. దాన్ని సవరించటానికి 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. ఆ బిల్లు ఈ సంఘం ముందుకు వచ్చింది. అప్పటి అధ్యక్షులు జైరాం రమేష్ గారు. 2022 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. బిల్లులోని జాబితాలలో విడిచిపోయిన జీవుల పేర్లను ఎత్తి చూపారు. అక్కడితో ఆగలేదు. మనుషులకూ అడవి జంతువులకూ మధ్య జరిగే సంఘర్షణ కూడా వేట అంత చిక్కు సమస్యేననీ, దాన్ని ఎదుర్కోవటానికి చట్టంలో ఆధారం ఉండాలనీ అన్నారు. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి పెద్దగా ఒక చిన్న సలహా సంఘం ఉండాలన్నారు. అందులో వ్యవసాయం తెలిసినవారు ఒకరైనా ఉండాలి. ఏ చోట ఏ పంట మార్చుకుంటే మేలో చెప్పాలి. ఆపద వచ్చినప్పుడు జాప్యం లేకుండా నిర్ణయం చెయ్యాలి. ఇదీ వారి సూచన.

చూశారా? చేను సంగతి ఢిల్లీలో చర్చకు వచ్చింది, కాగితం మీదికీ ఎక్కింది. కాని, 2022 డిసెంబరులో ఉభయసభల ఆమోదం పూర్తయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టంలో ఈ సలహా సంఘానికి చోటు దొరకలేదు. నీళ్ళు కాలువదాకా వచ్చినాయి, మడిలోకి పారలేదు.

మరి ఈ నివేదికలు ఉత్త కాగితాలేనా అంటే, కావు. ఇందుకు మన ఖమ్మం జిల్లాతో ముడిపడిన సంగతి ఒకటున్నది. 2009లో ఆ జిల్లాలోనూ, ఆ తరవాత గుజరాత్‌లోని వడోదరలోనూ ఆడపిల్లలకు వేసిన ఒక టీకా వ్యవహారాన్ని ఆరోగ్యశాఖ స్థాయీ సంఘం విచారించి 2013లో నివేదిక ఇచ్చింది. ఆ విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2018 మే నెలలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు చెప్పింది. స్థాయీ సంఘాల నివేదికలను కోర్టులు చూడవచ్చు, విషయం తెలుసుకోవటానికి ఉపయోగించుకోవచ్చు. అయితే నివేదిక చెల్లుతుందా లేదా అని మాత్రం కోర్టులో సవాలు చేయకూడదు అన్నది తీర్పు సారాంశం. అంటే ఆ కాగితానికి విలువ ఉన్నదన్నమాటే గదా!

జన్యుమార్పిడి పంటల విషయంలోనూ అంతే. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. గుంటూరు, వరంగల్లు రైతులకు దాని మంచీ చెడూ రెండూ తెలుసు. 2017 ఆగస్టులో పర్యావరణ స్థాయీ సంఘం ఈ పంటల మీద ఒక నివేదిక ఇచ్చింది. అప్పుడు అధ్యక్షురాలు రేణుకా చౌదరి గారు. జీవభద్రతనూ, రైతు జీవనం మీద పడే ప్రభావాన్నీ ఏ పక్షానికీ చెందనివారు బహిరంగంగా పరీక్షించి తేల్చేదాకా, నష్టం వస్తే బాధ్యత ఎవరిదో నిర్ణయించేదాకా కొత్త పంటను దింపరాదని సంఘం చెప్పింది. జన్యుమార్పిడి ఆవకు 2022 అక్టోబరులో నిపుణుల సంఘం షరతులతో అనుమతి సూచించినా, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. సంఘం వేసిన ప్రశ్నలు అంత తేలికగా పోయేవి కావని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ప్రతి బిల్లూ సంఘం ముందుకు రావాలన్న నియమం లేదు. 2009-14 నాటి 15వ లోక్‌సభ కాలంలో నూటికి 71 బిల్లులు సంఘాల పరిశీలనకు వచ్చినాయి. 2019-24 నాటి 17వ లోక్‌సభ కాలంలో వచ్చినవి నూటికి 16. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో తెచ్చిన సవరణ బిల్లును ఈ స్థాయీ సంఘానికి పంపక, విడిగా ఉభయసభల సంయుక్త సంఘాన్ని వేసి దానికి పంపారు. ఆ సంఘం ఒక్క మార్పూ చెప్పలేదు. కొందరు సభ్యులు అసమ్మతి రాసిచ్చారు. పెద్దమనుషులు చెరువుకట్ట మీదికి పోవటమే తగ్గిపోతే, గండి ఎక్కడున్నదో ఊరికి ఎలా తెలుస్తుంది?

ఇక మనం చేయవలసింది చెబుతాను. సంఘం ఒక బిల్లును పరిశీలించేటప్పుడు ప్రజల అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన వేస్తుంది. గడువు చాలాసార్లు 15 రోజులే. రాసేది ఇంగ్లీషులో గాని, హిందీలో గాని ఉండాలంటారు. తెలుగు రైతుకు ఇది అడ్డే. విస్తరణ పనిలో ఉన్న మిత్రులారా, ఇక్కడే మీ సాయం కావాలి. రైతు నోటి మాటను ఆ భాషలోకి మార్చి సకాలంలో పంపించగలవారు ఊళ్ళో మీరే.

రాసేటప్పుడు “చాలా నష్టపోయాము, కనికరించండి” అని రాస్తే చాలదు. ఊరు, మండలం, వేసిన పంట, ఎన్ని ఎకరాలు, ఏ తేదీన నష్టం జరిగింది, ఎంత దిగుబడి పోయింది, పరిహారానికి ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, ఎన్నాళ్ళకు ఎంత చేతికి వచ్చింది — ఇవన్నీ వరసగా ఉండాలి. చివర చట్టంలో ఏ మాట చేర్చాలో, ఏ మాట తీసెయ్యాలో రెండు ముక్కల్లో చెప్పాలి. ఒక ప్రతిని మీ పార్లమెంటు సభ్యునికి ఇవ్వండి. ఆయన ఈ సంఘంలో లేకపోయినా, అందులో ఉన్నవారికి అందించగలరు.

ప్రకటన వచ్చాక లెక్కలు వెతుక్కుంటే 15 రోజులూ ఇట్టే గడిచిపోతాయి. అందుచేత రైతు వేదిక దగ్గరో, రైతు సేవా కేంద్రం దగ్గరో ఒక నోటు పుస్తకం పెట్టండి. పంట నష్టం జరిగిన మర్నాడే అందులో రాయించండి.

ఈలోగా పంటను కాపాడుకోవాలి గనుక, వేరుశెనగ చుట్టూ నాలుగు వరసలు కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేసి చూడండి. కుసుమ ముళ్ళకూ, ఆముదం వాసనకూ పందులు కొంత వెనకాడతాయి. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం ఎన్నడూ పెట్టకండి. చీకట్లో ఆ తీగకు పంది అనీ, పక్క పొలం రైతు అనీ తేడా తెలియదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఒకసారి అడిగితే దక్కలేదు. ఈసారి లెక్కతో అడుగుదాం. మీ ఊరి పుస్తకంలో మొదటి పేజీ ఈ పంటకాలంలోనే నిండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.