మంచం పట్టిన పెద్దలకు నేర్పున్న చేయి

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు నిండినవారు నూటికి 8.6 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే ఎక్కువ. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోగా పెద్దలే మిగిలిన ఇళ్లు గుడివాడ చుట్టుపక్కల కొత్త కాదు. ఊళ్లలో పనిచేసే మన ఏఎన్ఎం నర్సుల రెండేళ్ల చదువు ప్రధానంగా తల్లీబిడ్డల కోసం రూపొందింది. ఆ పని వాళ్లు బాగానే చేశారు. కానీ పక్షవాతంతో పడుకున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పుండు పడకముందే ఎర్రబారిన మడమను గమనించడం, మింగలేనివారిని కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించడం, ఉన్నట్టుండి మాట తడబడితే ముసలితనమని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించడం వేరే నేర్పు. అందులో శిక్షణ పొందిన నర్సులు మన ఊళ్లకు కావాలి.

కోడళ్లు, కూతుళ్లు చూసుకోరా అని అడిగేవారున్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు చూస్తూనే ఉన్నారు, చెప్పేవారు లేక నడుములు పోగొట్టుకుంటూ! నర్సు వస్తే వాళ్ల ప్రేమ తగ్గదు, పని తేలికవుతుంది. శిక్షణ ఇస్తే గల్ఫ్‌కు పోతారన్న మాటలో కొంత నిజముంది. అందుకే దివిసీమలోని నాగాయలంక, కోడూరు మండలాల యువతనే ఎంచుకుని, సొంతూరి దగ్గరే నికరమైన జీతం చూపాలి. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పాఠం అక్కడ, సాధన దివిసీమ ఇళ్లలో పెట్టవచ్చు. మీ గ్రామసభలో ఈ శిక్షణ కావాలని అడగండి.