గదికి పెట్టిన పేరు, గదిలో కూర్చున్నవారు

తలుపు దగ్గర సీట్లు చూసి కూర్చున్న విద్యార్థులారా, మీరు అక్కడెందుకు కూర్చున్నారో నాకు తెలుసు. రేపల్లె బండి వేళ దాటకుండా ముగిస్తాను.

మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఆయన పాఠం చెప్పిన గంటల కన్నా పాఠం అయ్యాక వరండాలో పిల్లలతో గడిపిన గంటలే ఎక్కువ. అందుకే, క్లాసు లేనప్పుడు కాలేజీ పిల్లలు ఎక్కడ కూర్చుంటారు, ఆ చోటుకు ఎవరి పేరు ఉంటుంది అన్నదే నా విషయం.

అమెరికాలో దీనికోసం ఏకంగా ఒక భవనం కడతారు. స్టూడెంట్ సెంటర్ అంటారు. భోజనశాల, చదువుకునే గది, ఆటల గది, నాటకాల హాలు, విద్యార్థి సంఘం ఆఫీసు అన్నీ ఒకే కప్పు కింద. డబ్బిచ్చిన దాత పేరు గుమ్మం మీద. మన తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇవన్నీ ముక్కలుముక్కలుగా ఉంటాయి. క్యాంటీన్ వెనక రేకుల షెడ్డులో, రీడింగ్ రూము లైబ్రరీలో ఒక మూల, క్యారమ్ బోర్డు తాళం వేసిన బీరువాలో. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెబుతారు.

కాలేజీల పేర్లు చూడండి. జె.ఎం.జె. అంటే జీసస్, మేరీ, జోసెఫ్. ఆ సంస్థ సన్యాసినులు డచ్చి దేశం నుంచి 1904లో గుంటూరు వచ్చారు. తెనాలిలో ఆడపిల్లల కాలేజీ 1963లో పెట్టారు. రేపల్లె ఎ.బి.ఆర్. డిగ్రీ కాలేజీ, కూచినపూడి నుంచి శాసనసభకు ఎన్నికైన అనగాని భగవంతరావుగారి పేరిట ఉంది. నియోజకవర్గాల పునర్విభజనలో కూచినపూడి నియోజకవర్గమే పోయింది, ఆయన పేరు మాత్రం కాలేజీ బోర్డు మీద నిలిచింది. ఇక 1950 నాటి మన వి.ఎస్.ఆర్. అండ్ ఎన్.వి.ఆర్. కాలేజీ. ఆ పొడి అక్షరాల వెనక ఎవరున్నారో నేను చెప్పను. ఆ కాలేజీ పిల్లలు ఇక్కడున్నారు, రేపు కనుక్కుని తోటివారికి చెప్పండి.

దాత పేరు చెక్కించడం ఈ నేలకు కొత్తేమీ కాదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బండిలో జంపని, వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువులు ఉంచిన రాతి పెట్టెలు బయటపడ్డాయి. వాటి అంచుల చుట్టూ బ్రాహ్మీ లిపిలో పేర్లున్నాయి. రమారమి ఇరవై రెండు శతాబ్దాల నాటివి. ఒక పెట్టె మీద తల్లి, తండ్రి, కొడుకు కలిసి ఇచ్చిన దానం. మరోచోట ఒక ‘గోఠి’ ఇచ్చినది, అంటే కలిసి కూర్చునేవారి బృందం, మన గోష్ఠి. కుబీరక రాజు పేరూ ఉంది, కానీ రాజు పేరొక్కటే లేదు. ఊళ్లో వర్తకుల సంఘం సభ్యుల పేర్లు వరుసగా చెక్కారు. రాజు పక్కన మామూలు మనుషులు! ఇంతకన్నా మర్యాద గల శిలాఫలకం నేను చూడలేదు. ఇవాళ్టి ఫలకాల్లో ముఖ్య అతిథి పేరు పెద్దక్షరాల్లో, ఆత్మీయ అతిథులవి చిన్నక్షరాల్లో. చదువుకునే పిల్లల ఊసే ఉండదు.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే, గుంటూరులో యంగ్ మెన్స్ లిటరరీ అసోసియేషన్ అని ఒకటుండేది. పేరులోనే యువకులున్నారు, ఏ జమీందారూ లేడు. తెలుగు జిల్లాలన్నీ ఒక రాష్ట్రం కావాలన్న మాట 1911 ప్రాంతంలో ఆ యువకుల మధ్య బలపడింది. జొన్నవిత్తుల గురునాథం, ఉన్నవ లక్ష్మీనారాయణ వంటివారు తెలుగు ప్రాంతాల పటం తయారుచేశారు. 1912లో నిడదవోలులో జరిగిన జిల్లాల సభలో చర్చ రేగింది. 1913 మే 26న బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ, అధ్యక్షులు బయ్యా నరసింహేశ్వర శర్మ. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న తీర్మానాన్ని అప్పటికప్పుడు ఆమోదించలేదు. ముందు జనాభిప్రాయం కూడగట్టమని ఒక స్థాయీ సంఘాన్ని వేసి ఊళ్ల మీదికి పంపారు. నాకు నచ్చేది ఆ వాయిదాయే. కుర్రకారు తొందరా, పెద్దల జంకూ ఒకే పందిట్లో కూర్చుని మాట్లాడుకున్నాయి.

అసలు స్టూడెంట్ సెంటర్ అన్నమాటకు మన వైపు నేను చూపించగలిగిన ఇల్లు వేటపాలెంలో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అది బాపట్ల జిల్లా ఊరే. 1918లో అక్కడి హిందూ యువజన సంఘం ఒక గ్రంథాలయం పెట్టింది. వెనక నిలబడింది ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి. చేతిలో సొమ్మున్నవాడు తన పేరు పెట్టుకుంటే కాదనేవారెవరు? ఆయన పెట్టుకోలేదు, సారస్వత నికేతనం అన్నారు. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. చూడటానికి వచ్చినవారు కర్ర చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నేనైతే పాత పత్రికల బైండ్ల దగ్గర ఆగమంటాను. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక నాటి కాగితం గోధుమ రంగుకు తిరిగి, అంచు పట్టుకుంటే పెళుసుగా రాలుతుంది. పుట తిప్పాలంటే రెండు చేతులూ వాడాలి. తాళపత్రాలూ ఉన్నాయి. దూరదేశాల పరిశోధకులు ఆ చిన్న ఊరికి వచ్చి రోజుల తరబడి కూర్చున్నారంటే కారణం ఆ బైండ్లే. పుస్తకం, కుర్చీ, వెలుతురు, తలుపు తీసేవాడు. ఇంతకు మించి ఏం సౌకర్యం కావాలి?

నిడుబ్రోలులో 1930ల్లో ఎన్.జి. రంగాగారు రైతు పిల్లల కోసం పెట్టిన పాఠశాలదీ ఇలాంటి కథే. రామానీడు పేరు పెట్టారు, తన పేరు కాదు. తర్వాత ఆయన పేరు ఎక్కడ చేరిందో చూడండి. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల, 1964లో పుట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. ఆ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ తన విశ్వవిద్యాలయానికి ఆచార్య జయశంకర్ పేరు పెట్టుకుంది. పట్టా మీద పేర్లు ఇన్ని మారినా చదివినవాణ్ణి ఎక్కడ చదివావురా అంటే ‘బాపట్ల’ అంటాడు, అంతే.

తెనాలిలో ఇంకో రకం పేర్లున్నాయి. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా పిలుపు వచ్చిన నాలుగో నాడు, ఈ ఊళ్లో పోలీసు కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్ దగ్గర వారికి స్తూపాలున్నాయి. రోజూ వాటిని చుట్టి వెళ్లే ఆటోలకు లెక్కలేదు. వారిలో ఒక్కరి పేరైనా ఒక రీడింగ్ రూముకు పెట్టాలని మన కాలేజీ కమిటీలకు తోచకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇవాళ మన పిల్లల స్టూడెంట్ సెంటర్ రైల్వే ప్లాట్‌ఫాం. నిజం చెప్పాలంటే రేపల్లె, భట్టిప్రోలు, పల్లెకోన నుంచి వచ్చేవారి అసలు కాలేజీ అదే. రికార్డులు అక్కడే కాపీ చేస్తారు, ఎన్నికల గొడవలు అక్కడే, ప్రేమలూ అక్కడే. టీ కొట్టువాడికి ప్రిన్సిపాల్ కన్నా ఎక్కువమంది పేర్లు తెలుసు. ఆడపిల్లలకు మాత్రం ఆ సౌకర్యం కూడా సగమే. బండి ఆలస్యమైతే ఇంటికి ఫోన్ చేసి, బెంచీ చివర బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి.

కొత్త భవనం కట్టమని ఈ సభను అడగను. కడితే ముందు ఫలకం వస్తుంది, తర్వాత తాళం పడుతుంది. ఉన్నవాటిలోనే ఒక గది చాలు. ఆఖరి బండి వెళ్లేదాకా తెరిచి ఉండాలి. ఆడపిల్లలు నిశ్చింతగా కూర్చోవాలి, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి, ఆ రోజు పత్రికలు ఉండాలి. తాళంచెవి విద్యార్థుల చేతికే ఇవ్వండి, ఏడాదికొకరు పూచీ పడతారు. పేరు సంగతి మొదటి అయిదేళ్లూ ఎత్తకండి. మాస్టారి పేరు పెడదామని కొందరు మిత్రులు ఇందాకే నా చెవిన వేశారు; ఆయన బతికుంటే ముందు ఆ గదికి రెండు ఫ్యాన్లు వేయించమనేవారు.