అంతర్జాల వాహిని – పంపకపు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఈ రజతోత్సవ సభలో పండితులు భారత భాగవతములను గూర్చి ప్రసంగించుచుండగా, గ్రామ లెక్కలు వ్రాసికొని జీవించు నాకు కార్యవర్గమువారు వేఱొక విషయము నొప్పగించిరి. మన యిండ్లకు వచ్చుచున్న బ్రాడ్‌బ్యాండు సేవను దానిని నడుపు సంస్థలు ఏ విధముగా నిర్వహించునో అందఱికి తెలియునట్లు చెప్పుమనిరి. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. కవిత్రయమువారి గ్రంథములను సయితము గురువు లేకయే, ఇట్టి గ్రంథాలయముల చలువవలన, నిఘంటువు చేతబట్టుకొని చదువుకొన్నవాడను. అయినను ఈ రంగమున పనిచేయు మన వీధి యువకులు ఓపికతో బోధింపగా, నాకు తోచిన దొక్కటి కలదు. ఈ వ్యవస్థలో యంత్రవిద్య కొంత. పంపకపు లెక్క మిక్కిలి. లెక్క సరిగా నున్నచో సేవ సరిగా నుండును. లెక్క తప్పినచో ఎంత గొప్ప యంత్రమైనను ఆదుకొనజాలదు. నేటి నా ప్రసంగ సారాంశ మింతియే.

మన ప్రగతి నగరమునకు చెఱువు కలదు. దీనిని అంబీరు చెఱువని పెద్దలు పిలుతురు. ఈ గ్రంథాలయము పుట్టిననాడు మనది గ్రామ పంచాయతీ. 2019లో నిజాంపేట, బాచుపల్లి గ్రామములతో గూడి నగరపాలక సంస్థలో కలిసినది. ఊరు పట్టణమైనను చెఱువు నీటి పంపకమును కన్నులార చూచినవారు మనలో నింకను కలరు. చెఱువు, తూము, పెద్దకాలువ, పిల్లకాలువ, చివరి మడి: ఈ వరుస మీ కెఱుకయే. దీనిని మనసున నుంచుకొని నా మాటలు వినుడు.

మొదట కొంచెము చరిత్ర. మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాలము 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించినది. అప్పుడు టెలిఫోను తీగపైననే అది నడచెడిది. అది నడచునంతసేపు టెలిఫోను మూగవోయెడిది. 1998లో ప్రైవేటు సంస్థలకు ద్వారములు తెఱువబడినవి. 2004 నాటి ప్రభుత్వ విధానము సెకనుకు 256 కిలోబిట్ల వేగమునకు బ్రాడ్‌బ్యాండని పేరు పెట్టినది. 2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ ఆ సేవను ప్రారంభించినది. పిమ్మట మన హైదరాబాదున బీమ్ టెలికాం అను సంస్థ ఫైబరు తీగలను వీధి వీధికి దెచ్చి పేరు గాంచి, తరువాత బెంగుళూరునకు చెందిన యాక్ట్ సంస్థలో లీనమైనది. 2017 మార్చిలో యాక్ట్ సంస్థ హైదరాబాదున సెకనుకు ఒక గిగాబిట్ వేగమును గృహస్థుల కందించినది. 256 కిలోబిట్లతో పోల్చిన నిది సుమారు నాలుగువేల రెట్లు. 2023లో ప్రభుత్వమువారు బ్రాడ్‌బ్యాండను పేరునకు కనీస వేగమును 2 మెగాబిట్లకు పెంచిరి.

ఇచ్చట ఒక మాట. బిట్టు వేఱు, బైటు వేఱు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల సేవ కొన్నవానికి సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే వచ్చును. తన్ను మోసగించిరని తలచువాడు మొదట ఈ భాగహారము చేసి చూచుకొనవలెను.

ఇక తీగ సంగతి. ఇప్పుడు మన యిండ్లకు వచ్చునది గాజుతీగ. అందులో వెలుతురు నడచు మధ్యభాగము మిల్లీమీటరులో నూఱవ వంతునకంటె సన్నము. ఆ గాజులో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. గాజును మిక్కిలి శుద్ధి చేసినచో వెలుతురు ద్వారా దూరదేశములకు వార్తలు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో అను శాస్త్రజ్ఞుడు చూపెను. అందులకు 2009లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

సంస్థవారి కేంద్రమునుండి బయలుదేఱిన ఒక గాజుతీగ వీధి మొదట ఒక చిన్న పెట్టెలో ప్రవేశించును. దానిని స్ప్లిట్టర్ అందురు. దానికి విద్యుత్తుతో పని లేదు. పిల్లకాలువలకు నీరు చీలినట్లు, ఒక తీగలోని వెలుతురు అచ్చట 32 తీగలుగా చీలి 32 ఇండ్లకు పోవును. జీపాన్ అను పద్ధతిలో కేంద్రమునుండి ఇండ్లవైపు సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు, ఇండ్లనుండి కేంద్రమువైపు 1,244 మెగాబిట్లు నడచును.

క్రిందికి వచ్చు వెలుతురు అన్ని యిండ్లకును ఒకేరీతిగా చేరును. మన యింటి పెట్టె తనకు జెందిన భాగమును మాత్రము గ్రహించి, తక్కినదానిని విడిచివేయును. పొరుగువారిది చదువకుండుటకై దానికి రహస్య లిపి ఏర్పాటు కలదు. పైకి పోవునప్పుడు మాత్రము ముప్పదియిద్దఱును ఒక్కమాఱు పలికినచో వెలుతుళ్లు కలగాపులగ మగును. అందుచే కేంద్రయంత్రము ఒక్కొక్క యింటికి సెకనులో అత్యల్ప భాగమును వంతుగా నిచ్చును. నీ వంతు వచ్చినప్పుడు పలుకుము, తక్కినప్పుడు మౌనము వహింపుము అని శాసించును. పూర్వము నీరటివాడు వంతు చొప్పున మడవ త్రిప్పినట్లే గదా! భేద మేమనగా, నీరటివాని వంతు జాములలో నుండెడిది. ఈ యంత్రపు వంతు కన్ను మూసి తెఱచులోపల వందల పర్యాయములు తిరుగును.

ఇప్పుడు లెక్కకు వత్తము. 2,488ని 32 ఇండ్లకు సమముగా పంచినచో ఇంటికి 78 మెగాబిట్లకు లోపే. అట్లైన 32 ఇండ్లకును 100 చొప్పున అమ్ముట అన్యాయము కాదా యని మీరడుగవచ్చును. కాదు. ఒక యింట చలనచిత్రము స్పష్టముగా చూచుటకు 5 మెగాబిట్లు చాలును. ముప్పదిరెండిండ్లవారు నొక్కసారి చూచినను 160 మెగాబిట్లే. కావున వీధిలో కొఱత రాదు. కొఱత వచ్చునది పెద్దకాలువలో.

ఉదాహరణకు వేయి యిండ్లకు 100 మెగాబిట్ల చొప్పున అమ్మినారనుకొందము. కాగితముమీది మొత్తము లక్ష మెగాబిట్లు. ఆ వేయి యిండ్లకు పైనుండి వచ్చు పెద్దకాలువ పదివేల మెగాబిట్లది. రాత్రి ఎనిమిది గంటలకు అందఱును చలనచిత్రము చూచినచో వాడుక అయిదువేలు. కాలువ సగము నిండును. ఎవరికిని లోటు లేదు. కాని మన బాచుపల్లి మార్గమున బహుళాంతస్తుల భవనములు లేచి, వేయి యిండ్లు రెండువేలైనచో అదే కాలువ అంచులదాక నిండిపోవును. అప్పుడు చిత్రము తిరుగక నిలిచిపోవును; శిష్యుడు పిలువగా గురువు మాట తునుకలై వినబడును. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. ఆయకట్టు పెరిగినది, తూము పెరుగలేదు. మంచి సంస్థకును చెడ్డ సంస్థకును భేద మిచ్చటనే తెలియును. ముందుగా కొలిచి కాలువను వెడల్పు చేయువాడు మంచివాడు. ఫిర్యాదులు వచ్చువఱకు చందాలు మాత్రము చేర్చుకొనువాడు చెడ్డవాడు. టెలికాం నియంత్రణ సంస్థ 2006 నాటి నిబంధనలలో, రద్దీ వేళ ఈ పెద్దకాలువల వాడుక నూటికి 80 పాళ్లు మీఱరాదని గుఱుతు పెట్టినది. చెఱువునకు అలుగు మట్టము వంటి దీ గుఱుతు.

కాలువను వెడల్పు చేయక కొఱత తీర్చు ఉపాయము మఱియొకటి కలదు. జనులు పదే పదే కోరు చిత్రములను, పాటలను ప్రతి పర్యాయము దూరదేశమునుండి తెప్పింప నవసరము లేదు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు తమ నిలువ యంత్రములను ఈ సేవాసంస్థల భవనములలోనే యుంచును. ధాన్యమును ఊరి గాదెలో నుంచుకొన్నట్లు ఇది. అట్లే ఒక సంస్థనుండి మఱియొక సంస్థకు పోవలసిన సమాచారము దేశము దాటి తిరిగి రాకుండుటకై 2003లో నిక్సీ యను జాతీయ వినిమయ కేంద్రము స్థాపింపబడినది. దాని శాఖ హైదరాబాదున సయితము కలదు. ఊరిలో దొరకనిది మాత్రమే చెన్నై, ముంబయి తీరములలో ఒడ్డు చేఱు సముద్రపు తీగలగుండ రావలెను. భగీరథుడు దెచ్చిన గంగను శివుడు జటాజూటమున నిలిపి పాయలుగా విడిచినట్లు, సంస్థవారి ప్రధాన రౌటర్లు ఆ ప్రవాహమును ధరించి పేట పేటకు విడుచును.

లెక్కలవాడనగుటచే నాకు మిక్కిలి నచ్చిన భాగము చిరునామాల పట్టిక. అంతర్జాలమున ప్రతి యింటికి ఒక సంఖ్య కావలెను. పాత పద్ధతి సంఖ్యలు ప్రపంచమంతటికి సుమారు 429 కోట్లు మాత్రమే. 2011 ఏప్రిల్ నాటికి మన ఆసియా-పసిఫిక్ ప్రాంతమునకు పంచు సంస్థ చేతిలో చివరి వాటా మాత్రము మిగిలినది. కావున పలువురు గృహస్థులకు ఒకే బయటి సంఖ్య నిచ్చి సంస్థలు సర్దుచున్నవి. ఒకే తలుపు సంఖ్యతో పలువురు కాపురముండినట్లే యిది. నేరము జరిగి పోలీసువారు విచారించినప్పుడు ఏ నిముసమున ఏ యింటివారు వాడిరో చెప్పవలసిన బాధ్యత సంస్థది. అట్టి నమోదులను రెండేండ్లు భద్రపఱచవలెనని 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము లైసెన్సు నియమములను సవరించినది. అడంగలు తప్పుగా వ్రాసినచో ఒకని పొలము మఱియొకనిదగును. ఈ పట్టిక తప్పినచో ఒకని నేరము మఱియొకనిపై బడును.

సంస్థవారికి రేయింబవళ్లు మేలుకొనియుండు పర్యవేక్షణశాల యొకటి యుండును. ఏ యింటికి వెలుతు రెంత చేరుచున్నదో అచ్చట తెఱపై తెలియును. ఎచ్చటనైన తీగ తెగినచో, ఓటీడీఆర్ అను పరికరము వెలుతురు నొకదానిని పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి తెగినచోటు ఎంత దూరమో చెప్పును. పనివారు పోయి గాజుకొనలను కరగించి అతుకుదురు. పెద్దకాలువలను వలయాకారమున వేయుదురు. ఒకవైపు తెగినను సమాచారము రెండవవైపునుండి తిరిగి వచ్చును. కాని వీధినుండి మన యింటికి వచ్చు కడపటి తీగకు రెండవ మార్గము లేదు. పద్మవ్యూహమున అభిమన్యునకువలె దానికి తెలిసిన దారి యొక్కటియే.

ఆ కడపటి తీగ యెచ్చట వ్రేలాడుచున్నది? కరెంటు స్తంభమున. సభాసదులారా! విషాదకరమైన భాగ మిది. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపురమున శ్రీకృష్ణాష్టమి రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు మరణించిరి. తదుపరి తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థవారు నగరమున స్తంభములపైనున్న తీగల కట్టలను కోసివేయ నారంభించిరి. పలు పేటలలో అంతర్జాలము నిలిచిపోయినది. ఇంటినుండి ఉద్యోగము చేయువారు, పాఠములు వినువారు దిక్కుతోచక యుండిరి. ఎయిర్‌టెల్ సంస్థ హైకోర్టు నాశ్రయించినది. అనుమతి లేని కట్టలు స్తంభములకు భారమై ప్రాణహాని కలిగించుచున్నవని యొకరు, ముందు చెప్పక నడచుచున్న తీగలను కోయుట ప్రజలకు నష్టమని మఱియొకరు వాదించిరి.

ఇరువురి మాటలోను సత్యము కలదు. కాని మూలము లెక్క లేకపోవుటయే. ఏ స్తంభముపై ఎవరి తీగ, ఏ అనుమతితో, ఏ యేట కట్టిరో తెలుపు పట్టిక యున్నచో చచ్చిన తీగను తీసివేయవచ్చును, బ్రతికిన తీగను కాపాడవచ్చును. పట్టిక లేనిచోట కత్తియే తీర్పరి యగును. వదలివేసిన పాత తీగలను తీయుటకు సొమ్ము వ్యయింపని సంస్థ లాభము పొందును. ఆ వ్యయమును ఏమియు నెఱుగని బాటసారి తన ప్రాణముతో చెల్లించును.

రెండు తెలుగు రాష్ట్రములు రెండు దారులు త్రొక్కినవి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రధానముగా విద్యుత్ స్తంభములపై తీగలు లాగి, త్వరగా, చౌకగా ఊళ్లు చేఱినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే సేవ ప్రకటించిరి. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే గాజుతీగల గొట్టములను గూడ వేయించినది. నీటితోపాటు సమాచారమును భగీరథుని వెంటనే నడచుట ముచ్చట గొలుపుచున్నది. స్తంభపు దారి శీఘ్రము, కాని గాలివానకు లోబడును. భూమి దారి ఆలస్యము, కాని స్థిరము. జనసమ్మర్దముగల మన పేటలలో రోడ్డు వేయునప్పుడే గొట్టము వేయుట ఉత్తమమని నా యభిప్రాయము. రోడ్డు వేసిన పిమ్మట త్రవ్వుటకంటె ముందు వేయుట చౌక యని లెక్క యెఱిగిన ఎవడైనను ఒప్పుకొనును.

సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగు ఘట్టము మీరెఱుగుదురు. రాజ్యమున చెఱువులు నిండియున్నవా, సేద్యము కేవలము వానపైననే ఆధారపడి యున్నదా, లెక్కలవారు ఆదాయవ్యయములను దినదినము నివేదించుచున్నారా యని ఆ మహర్షి యడుగును. ధర్మరాజును శంకించి యడిగిన ప్రశ్నలు కావవి. అడుగువాడున్నచో నడుపువాడు జాగరూకుడై యుండునని యడిగినవి. చందా చెల్లించు మనమును అట్లే ప్రశ్నింప నేర్వవలెను. రద్దీ వేళ మీ పెద్దకాలువ ఎంత నిండుచున్నది? మా వీధికి రెండవ మార్గము కలదా? మా స్తంభముపై మీ తీగ లెన్ని, అందు పనికిరానివి ఎన్ని? వీనికి బదులు చెప్పగల సంస్థకే చందా కట్టుదము. అపార్టుమెంటు సంఘములు, కాలనీ సంఘములు కలిసి యడిగినచో బదులు రాక తప్పదు.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఒక నియమమును పాటించుచున్నది. ఏ పుస్తకము ఎవరి యింట నున్నదో చిట్టాలో నుండును. ఒకరు చదివినపిమ్మట మఱియొకరికి వంతు వచ్చును. పుస్తకములు తక్కువైనను చదువరులు తృప్తిగా నుండుటకు ఆ చిట్టాయే కారణము. వెలుతురు తీగలకును ధర్మ మదియే.